ముందే తెలిసినవాడు

మొన్న పుణె వెళ్ళడానికి శంషాబాద్‌లో విమానం ఎక్కి కూర్చున్నాను. తలుపులు మూశాక కూడా విమానం కదల్లేదు. రన్‌వే మీద పక్షులున్నాయని, కాస్త ఆలస్యమవుతుందని పైలట్ చెప్పాడు. పక్క సీటాయన విసుగ్గా వాచీ చూసుకున్నాడు. నేను కిటికీకి ముఖం ఆనించి బయటికి చూశాను. దూరంగా గడ్డిలో ఒక జీపు ఆగి ఉంది. నారింజరంగు జాకెట్ వేసుకున్న మనిషి దిగి, చెయ్యి పైకెత్తి ఏదో పేల్చాడు. శబ్దం నా దాకా రాలేదు గానీ కొంగలు గుంపుగా లేచాయి. అవి ఎటు పోతున్నాయో చూడకుండానే ఆ మనిషి జీపెక్కేశాడు. మా అన్న అలా ఎక్కేవాడు కాదు. చివరి పిట్ట కనుమరుగయ్యేదాకా మెడ చాచి నిలబడేవాడు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. శంషాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమాని. ఆ విమానాశ్రయంలోనే పిట్టల్ని తోలే ఉద్యోగం చేసేవాడు. కిందటి వేసవిలో చనిపోయాడు. విమానం లేచాక కూడా నేను ఆయన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆయనకు కుడిచెవి సరిగా వినపడదు. ఏళ్ళ తరబడి పటాకులు పేల్చిన ఫలితం. ఎవరు మాట్లాడినా ఎడమచెవి ముందుకు తెచ్చి, మెడ వంచి, కళ్ళు మాత్రం ఆకాశం మీదే ఉంచి వినేవాడు. నేను గది చూడడానికి వెళ్ళిన రోజు మాట మధ్యలో ఆపి, "గద్ద" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. ఎక్కడో చుక్కంత నల్లటిది తిరుగుతోంది. అది దాటిపోయాక, ఆపిన చోటు నుంచే మళ్ళీ కిరాయి సంగతి మొదలుపెట్టాడు.

ఆ ఇంట్లో ఒకటే షరతు. మేడ మీద గింజలు వెయ్యకూడదు. మా అమ్మ తణుకు నుంచి వచ్చినప్పుడు అలవాటుకొద్దీ పిట్టగోడ మీద గుప్పెడు బియ్యం పోసింది. ఆయన మెట్లెక్కి వచ్చి, ఆ బియ్యాన్ని ఒక్కో గింజా ఏరి జేబులో వేసుకున్నాడు. ఇక్కడ గింజలు మరిగిన పిట్టలే అక్కడికొస్తాయని, అమ్మకు పుణ్యమైంది తనకు డ్యూటీ అవుతుందని నవ్వుతూ చెప్పి దిగిపోయాడు.

విమానాశ్రయం కట్టిన నేలలో వాళ్ళ జొన్నచేను కూడా ఉండేదట. చిన్నప్పుడు మంచె మీద కూర్చుని వడిసెల తిప్పిన చోటే ఇప్పుడు జీపులో తిరిగేవాడు. కొత్తవాళ్ళెవరు కనపడినా ఆ మాట చెప్పాల్సిందే. "అప్పుడు జొన్నచేనుకు, ఇప్పుడు గాలిమోటర్లకు. పని అదే." విన్నవాళ్ళు అయ్యో అంటారేమోనని ఆయనకు భయం. అందుకని చెప్పిన వెంటనే తనే నవ్వేవాడు.

నేనేం పని చేస్తానని అడిగితే, ఎలుకల్లో షుగర్ రాకుండా ఆపే ప్రయోగాలు చేస్తానని చెప్పాను. అప్పట్లో విమానాశ్రయం పక్కనే ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. ఆయనకు ముందు నవ్వొచ్చింది. ఎలుకలకు కూడా షుగరొస్తదా మేడం అన్నాడు. అంతలోనే నవ్వు ఆపి, వరండాలో చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పెద్దకూతురు సౌమ్యను చూపించాడు. "మా పెద్దదానికున్నది."

అది పెద్దవాళ్ళకొచ్చే షుగర్ కాదు. తిండి వల్ల వచ్చేది కాదు. బయటి శత్రువుల మీదికి పోవలసిన రక్షణ కణాలు దారితప్పి, సొంత ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడి వాటిని చంపేస్తాయి. ఎక్కువగా పసివాళ్ళకే వస్తుంది. వచ్చాక జీవితాంతం ఇన్సులిన్ పొడుచుకుంటూ బతకాలి.

సౌమ్యకు రెండో తరగతిలో వచ్చింది. పిల్ల ఊరికే నీళ్ళు తాగుతుంటే వేసవి కదా అనుకున్నారు. పక్క తడిపితే కొట్టారు. చిక్కిపోతుంటే దగ్గర్లోని ఒక డాక్టర్ నీరసమని గ్లూకోజ్ సీసా ఎక్కించాడు. పట్నంలో పెద్ద దవాఖానకు చేర్చేసరికి స్పృహ లేదు. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఒకటే మాటతో ఆపేవాడు. "ఎండలు గదా అనుకున్నం." ఆ తర్వాత పిల్ల ఎలా బతికిందీ ఎప్పుడూ చెప్పలేదు. దానికి ఆయన దృష్టిలో విలువ లేదేమో.

ఇన్సులిన్ ఆయనే వేసేవాడు. మొదటిసారి దవాఖానలో నర్సు నేర్పుతున్నప్పుడు, అందరూ చూస్తుండగానే ఉత్త సూది తన పొట్టలో గుచ్చుకుని చూశాడట. నర్సు కోప్పడింది. అదెట్లుంటదో తెల్వకుండ బిడ్డకెట్ల పొడవాలె అన్నాడట. ఏళ్ళు గడిచాయి. సూది దిగేటప్పుడు సౌమ్య కదిలేది కాదు. ఆయన పొట్ట మాత్రం ప్రతిసారీ లోపలికి పోయేది. నేను కళ్ళారా చూశాను.

చిన్నదాని పేరు అక్షిత. అప్పటికి ఒకటో తరగతి. సౌమ్యను చూపించుకునే దవాఖానలోనే, తోబుట్టువుల రక్తం పరీక్షిస్తే వాళ్ళ ఒంట్లో ఈ దాడి మొదలైందో లేదో ముందే తెలుస్తుందని చెప్పారు. ఆయన భార్య, నేను వదిన అని పిలిచేదాన్ని, ఎందుకిప్పుడు అంది. ఆడుకునే పిల్లకు సూది ఎందుకు అంది. ఆయన వినలేదు. ఈసారి ముందుగాల పట్టుకుందాం అన్నాడు.

ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ పట్నం వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన గగన్‌పహాడ్ దగ్గర బస్సు ఆపించి దిగిపోయాడు. వదిన, అక్షిత బస్సులో ఇల్లు చేరారు. ఆయన లారీల పక్కన హైవే వెంట నడిచి వచ్చాడు. వచ్చి నేరుగా మేడెక్కాడు. చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

అక్షిత రక్తంలో దాడికి గుర్తులు ఒకటి కాదు, రెండు కనిపించాయి. ఇప్పటికి షుగర్ మామూలుగానే ఉంది, పిల్ల ఆరోగ్యంగానే ఉంది. కానీ రెండు గుర్తులున్న పిల్లల్లో దాదాపు అందరికీ ఎప్పటికో ఒకప్పటికి జబ్బు వస్తుంది. నెలల్లో రావచ్చు, ఏళ్ళు పట్టవచ్చు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు డాక్టర్. ఆపలేమని కూడా చెప్పాడు. వచ్చేదాన్ని కొంతకాలం వెనక్కి జరిపే మందు బయటి దేశాల్లో ఉందని, కానీ అది ఈ వయసు పిల్లలకు కాదని, ఇక్కడ దొరకదని అన్నాడు. వెనక్కి జరిపితే ఏమొస్తది, ఆగాలె గదా అని డాక్టర్‌తో అన్నానని అన్న నాకు చెప్పాడు. మర్నాడే మళ్ళీ ఫోన్ చేసి ఆ మందు పేరు అడిగాడు.

ఫలితం వచ్చిన ఆ సాయంత్రం మేడ మీద ఆయన ఆకాశం వైపు చూడలేదు. "మేడం, మీ ఎలుకల సంగతి జర మంచిగ చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. హాని చెయ్యని ఒక వైరస్‌ను తీసుకుంటాం. దాని లోపలి సరుకు తీసేసి, మాకు కావలసిన జన్యువును అందులో పెడతాం. అది ఒంట్లో కణాల్లోకి వెళ్ళి ఆ జన్యువును దింపుతుంది. ఆ జన్యువు తయారుచేసే పదార్థం, దాడికి వచ్చిన కణాలను శాంతపరుస్తుంది. ఈ జబ్బు తప్పకుండా వచ్చే జాతి ఎలుకలుంటాయి. వాటి పసితనంలోనే ఇది ఎక్కిస్తే చాలావాటికి జబ్బు రావడం లేదు. దాడి బాగా ముదిరాక ఎక్కిస్తే పెద్దగా ఉపయోగం లేదు. మనుషులకు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఇస్తారో లేదో కూడా తెలియదు.

ఆయన ఎడమచెవి నా వైపు పెట్టి అంతా విన్నాడు.

"మరి ఆ కణాలకు తెల్వదా, అది మన ఒళ్ళే అని?"

"తెలియాలి అన్నా. పసితనంలోనే నేర్చుకుంటాయి. కొన్ని నేర్చుకోవు."

"నేర్పొచ్చునా?"

"మేము చేసే ప్రయత్నం అదే."

ఆ మాట ఆయన పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాన్ని మందు అనలేదు, నేర్పుడు అన్నాడు. ఆ రోజు నుంచే నేను మేడం కాస్తా చెల్లెనయ్యాను. కూరగాయల సంచితో గేటు తీస్తుంటే, నేర్పుడు ఎందాక వచ్చింది చెల్లె అనేవాడు. బట్టలు ఆరేస్తుంటే కింద నుంచి అడిగేవాడు. నేను ప్రతిసారీ అదే జాగ్రత్తతో చెప్పేదాన్ని. ఎలుకలు వేరు, మనుషులు వేరు, ఆశ పెట్టుకోవద్దని. ఆయన తల ఊపేవాడు. "గట్లనే గాని, ఎలుకలకైతే ఆగింది గదా."

ఇంట్లో కాపలా మొదలైంది. అక్షిత నీళ్ళు తాగడానికి ఒక చిన్న స్టీలు గ్లాసు వేరుగా పెట్టాడు. అది ఎన్నిసార్లు నిండిందీ డ్యూటీ నుంచి రాగానే వదినను అడిగేవాడు. పొద్దున బడికి వెళ్ళే ముందు పిల్లను చంకల కింద పట్టుకుని పైకెత్తేవాడు. అది ఆట అనుకుని అక్షిత కిలకిలా నవ్వేది. ఆయన తూకం చూస్తున్నాడు. మూత్రంలో చక్కెరకు స్నానాలగది తూము దగ్గర చీమలు పట్టాయేమోనని వంగి చూసేవాడు. ఆదివారం పూట సౌమ్య షుగర్ చూసే యంత్రంతోనే చిన్నదాని వేలు కూడా పొడిచేవాడు. అక్షిత వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గేటు దగ్గర నిలబడి చూసేవాడు. అలసిపోతోందా, తొందరగా కూర్చుంటోందా, మునుపటి కంటే ఎక్కువ ఆయాసపడుతోందా. ఎవరు గెలిచారని అక్షిత పరుగెత్తుకొచ్చి అడిగితే ఆయనకు తెలిసేది కాదు.

చుట్టాల ఇళ్ళకు పోవడం మానేశారు. పెళ్ళికి పోతే పిల్ల ఏం తింటుందో, ఎన్ని నీళ్ళు తాగుతుందో చూడడం కష్టమని. నువ్వు చూస్తే ఆగుతదా అని వదిన ఒకసారి గట్టిగానే అడిగింది. ఆయన తూము దగ్గరికి వెళ్ళాడు. అక్షితకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. తనంటే బాపుకు అందరికంటే ఎక్కువ ఇష్టమని అది బళ్ళో చెప్పుకునేదట.

ఒక రోజు ఎలుకల్ని చూపించమని అడిగాడు. ప్రయోగశాలలోకి బయటివాళ్ళను రానివ్వరు. నా ఫోన్‌లో ఒక వీడియో ఉంటే అది చూపించాను. ఒక పెట్టెలో మందు పడని ఎలుక మూలకు ముడుచుకుని ఉంది. కింద పరిచిన రంపపుపొట్టు అంతా తడిసిపోయి ఉంది. ఆయన దాన్ని చూడగానే, నీళ్ళు బాగ తాగుతున్నది అన్నాడు. పక్క పెట్టెలో మందు పడినది నున్నటి తెల్లటి ఒంటితో చక్రం ఎక్కి పరుగెడుతోంది. దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇప్పుడెట్లున్నదిది?"

"లేదు అన్నా."

"మల్ల షుగరొచ్చిందా?"

"రాలేదు. చివర్లో క్లోమం కోసి చూస్తేనే దాడి ఆగిందో లేదో తెలుస్తుంది. అందుకని అన్నింటినీ చంపుతాం."

"నేర్చినంక గూడ?"

"అవును."

ఫోన్ నా చేతికిచ్చేసి దిగిపోయాడు. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి, పరుగెత్తేదాన్ని మాత్రం ఇంకోసారి చూపించమన్నాడు.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం ప్రయోగశాల గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. మీ అన్నయ్య వచ్చారని. వెళ్ళి చూస్తే ఇస్త్రీ చొక్కాలో ఆయన, పక్కన అక్షిత. బడి వార్షికోత్సవానికి కుట్టించిన గౌను వేసుకుని ఉంది, రెండు జడలు, తలకు నూనె. పిల్లను అలా చూడగానే నాకు విషయం అర్థమైంది.

"తీస్కొచ్చిన చెల్లె" అన్నాడు.

వాళ్ళను గోడ నీడలోకి తీసుకెళ్ళాను. అక్షిత గులకరాళ్ళు ఏరుకుంటోంది. ఆయన గొంతు తగ్గించి మాట్లాడగా వినడం అదే మొదటిసారి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానన్నాడు. ఏమన్నా అయితే నన్ను ఒక్క మాట అననని, మీ వదిన కూడా అనదని, ఆమెను ఒప్పించే వచ్చానని చెప్పాడు. ముదిరినంక పనిచెయ్యదని నువ్వే అన్నవు, ఇప్పుడైతే ముదరలేదు గదా అన్నాడు.

నేను అంతా మళ్ళీ చెప్పాను. అది ఎలుకల కోసం చేసిన సరుకు, మనిషికి ఎక్కించే స్వచ్ఛతతో చేసింది కాదు. ఆడుకుంటున్న పిల్లకు అది ఎక్కించి, కాలేయం దెబ్బతిన్నా, రక్షణ కణాలన్నీ నిద్రపోయి మామూలు జ్వరానికే ప్రాణం మీదికొచ్చినా తిరిగి తీసేసే దారి లేదు. పైగా ఒకసారి ఆ వైరస్ లోపలికి వెళ్తే ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రేపు నిజంగా మంచిది వచ్చినా ఆ పిల్లకు పనిచెయ్యకపోవచ్చు.

"రేపు వస్తదా?"

"చెప్పలేను."

"నీ బిడ్డయితే?"

"ఇవ్వను అన్నా."

"మల్ల ఏం జేస్తవు?"

"మీరు చేస్తున్నదే."

"నేనేం జేస్తున్న" అన్నాడు. "చూస్తున్న."

వెళ్ళి అక్షిత చెయ్యి పట్టుకున్నాడు. గాలిమోటర్లను దగ్గర నుంచి చూపిస్తానని చెప్పి దాన్ని బయల్దేరదీశాడట. ఇద్దరూ ప్రహరీ వెంట నడిచి, ఇనుప కంచె కనిపించే చోటికి వెళ్ళి నిలబడ్డారు. ఒక విమానం దిగేదాకా చూసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కూడా ఆయన నామీద ముఖం మార్చుకోలేదు. నేర్పుడు సంగతి అడగడమూ మానలేదు. కాకపోతే ఇంతకుముందు ఎప్పుడు వస్తుందన్నట్టు అడిగేవాడు, ఇప్పుడు ఇంట్లో జబ్బుమనిషి ఎలా ఉన్నారన్నట్టు అడిగేవాడు.

నిజంగానే ఆ ప్రయోగం ఆరోగ్యం బాగాలేదు. మందు పడిన ఎలుకల్లో కొన్నింటికి వయసు పైబడే కొద్దీ జబ్బు తిరిగి వచ్చింది. జన్యువు పని నెమ్మదిగా ఆగిపోయింది. రెండోసారి ఎక్కిద్దామంటే, నేను ఆయనతో చెప్పినట్టే, వాటి ఒళ్ళు వైరస్‌ను గుర్తుపట్టి లోపలికే రానివ్వలేదు. మరికొన్నాళ్ళు చూసి పైవాళ్ళు ఆ పని ఆపేశారు. ఇక నుంచి కంటి జబ్బుల మీద పనిచేద్దామన్నారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆయన అడగకముందే చెప్పేశాను.

"నేర్చినయి మర్చిపోయినయా?"

"కొన్ని మర్చిపోయాయి."

"వేరే దేశాలల్ల చేస్తుంటరు గదా?"

చేస్తున్నారని చెప్పాను. రక్తంలోంచి కణాలు తీసి, వాటికి బయట జన్యువుల మార్పు చేసి, దాడిని ఆపడం నేర్పి తిరిగి ఎక్కించే ప్రయత్నాలు కూడా ఉన్నాయని చెప్పాను. ఏదీ పిల్లల దాకా రాలేదని కూడా చెప్పాను. ఆయన లోపలికి తిరిగి వదినను కేకేశాడు. చెల్లె పని పోయింది, జర చాయ్ పెట్టు అన్నాడు. ఉద్యోగం పోలేదు, పని మారిందంతే అన్నా వినలేదు. ఆ సాయంత్రం ముగ్గురం వరండాలో కూర్చుని చాయ్ తాగాం. పరేషాన్ గాకు చెల్లె అని రెండుమూడు సార్లు అన్నాడు. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియని రోజు అది.

అక్షిత రెండో తరగతి అయిపోయిన వేసవిలో, మామిడిపళ్ళ కాలంలో ఒక ఆదివారం పొద్దున సౌమ్య మేడెక్కి వచ్చింది. బాపు కిందికి రమ్మంటున్నడు అంది. వెళ్ళేసరికి అక్షిత కుర్చీలో కూర్చుని ఉంది, ముందు సబ్బునీళ్ళ గిన్నె. యంత్రంలో షుగర్ ఎక్కువ చూపించింది. వేళ్ళకు మామిడిరసం అంటుకుని ఉంటే తప్పు చూపిస్తదని పిల్ల చేతులు సబ్బుతో కడిగాడు. తుడిచి ఇంకో వేలు పొడిచాడు. అదే. యంత్రం పాడైందేమోనని తన వేలు పొడుచుకున్నాడు. ఆయనది మామూలుగానే ఉంది. మళ్ళీ పిల్ల చెయ్యి అందుకోబోతే సౌమ్య ఆపింది.

"బాపు, ఇగ చాలు. దానికి నొస్తది."

మేమంతా కలిసే దవాఖానకు వెళ్ళాం. అక్షిత తన కాళ్ళతో తనే నడిచి లోపలికి వెళ్ళింది. స్పృహ తప్పడం గానీ, అత్యవసర విభాగంలో ఉండాల్సి రావడం గానీ లేదు. ముందే తెలిసి కనిపెట్టుకుని ఉండడం వల్ల ఎంత మేలు జరుగుతుందో చూడండని డాక్టర్ పక్కనున్న కుర్ర డాక్టర్లకు చెప్పాడు. అన్న భుజం తట్టాడు. అది నిజమే. సౌమ్య చావు అంచుదాకా వెళ్ళొచ్చింది, అక్షిత వెళ్ళలేదు. నేను కూడా అదే మాట ఆయనతో అన్నాను.

ఇన్సులిన్ పెన్ను తనకు కూడా ఇచ్చినందుకు మొదటి రోజు అక్షితకు సంబరంగా ఉంది. అక్కది నీలం, నాది ఆకుపచ్చ అని నాకు చూపించింది. రెండో రోజు సాయంత్రం అన్నం ముందు పెట్టుకుని, రేపు గూడనా అని అడిగింది. రేపు గూడ అంది సౌమ్య. ఎల్లుండి అని అక్షిత అడగబోతుంటే ఆయన లేచి బయటికొచ్చాడు. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

"సారు మంచిగ పట్టిన్రు అన్నడు" అన్నాడు. "ఏం పట్టిన చెల్లె? వచ్చేదాంక చూసిన. వచ్చింది. ఇంతే గదా."

ఆ తర్వాత ఆయన నన్ను ఎలుకల గురించి అడగలేదు. పొద్దున పూట ఆయనకు ఏం చెయ్యాలో తోచేది కాదు. పిల్లను ఎత్తి చూసే పని లేదు, తూము చూసే పని లేదు. బడి బస్సు వచ్చేదాకా గేటు పట్టుకుని ఊరికే నిలబడేవాడు. అక్షిత తనంతట తనే వచ్చి చేతులు పైకి చాచేది. ఒకటి రెండుసార్లు ఎత్తాడు. తర్వాత నడుం నొస్తదని చెప్పాడు.

నేను బడంగ్‌పేట్ వైపు ఇల్లు మారాను. ఫోన్లు తగ్గాయి. చివరిసారి ఆయన్ను ఆరాంఘర్ చౌరస్తాలో చూశాను. పిల్లల్ని చూపించుకుని తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడ్డాడు. వదిన, పిల్లలు ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన జుట్టు బాగా నెరిసింది. మాటల్లో ఆయనే చెప్పాడు, బుద్వేల్‌లో ఉండే తమ్ముడికి కొడుకు పుట్టాడని, కొంచెం పెద్దయ్యాక ఆ పిల్లవాడి రక్తం కూడా పరీక్ష చేస్తామని దవాఖానలో అడిగారని.

"నేనే వద్దన్న" అన్నాడు.

అదెందుకని అడిగాను. గుర్తులు ఏవీ లేకపోతే నిశ్చింత, ఉంటే అక్షితలాగా ప్రమాదం లేకుండా పట్టుకోవచ్చు కదా అన్నాను.

"నిజమే. పాణం గండం తప్పుతది" అన్నాడు. ఎడమచెవి నా వైపే ఉంది, చూపు రోడ్డు మీద ఉంది. "కాని తెల్సినంక మా తమ్ముడు వానికి తండ్రి గాడు చెల్లె. కావలోడయితడు. నేను అట్లనే అయిన. ఆ పిల్ల రెండేండ్లు నా ముంగట ఆడింది. ఒక్క ఆట చూడలే."

బస్సొచ్చింది. అక్షితను ముందు ఎక్కించి, తను ఆఖరున ఎక్కాడు.

ఆయన డ్యూటీలోనే పోయాడు. రన్‌వే పక్క గడ్డిలో జీపు దిగి, ఛాతీలో నొప్పొచ్చి, చక్రానికి ఆనుకుని కూర్చున్నాడట. తల వెనక్కి వాల్చి, ముఖం పైకెత్తి ఉంది. పిట్టను చూస్తున్నాడనుకున్నారట తోటివాళ్ళు. ఎవరూ కదిలించలేదు.

పెద్దకర్మ రోజు వెళ్ళాను. వదిన పెద్దగా ఏడవలేదు. భోజనాలకు ముందు సౌమ్య తన ఇన్సులిన్ వేసుకుని, చెల్లెలికి వేసింది. చుట్టాలు చూపు పక్కకు తిప్పుకున్నారు. కాసేపటికి ఆయన తమ్ముడు వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. భుజం మీద కొడుకు నిద్రపోతున్నాడు. అన్న నోట్లోంచి నా గురించి చాలాసార్లు విన్నానన్నాడు. పరీక్ష గురించి దవాఖాన నుంచి మళ్ళీ అడుగుతున్నారని, అన్న వద్దన్నాడని, మీరేమంటారని అడిగాడు. పిల్లవాడి తల్లి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

చేయించమనే చెప్పాను. లాభమేమిటో చెప్పాను. జబ్బును అది ఆపలేదని కూడా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. తల్లి వచ్చి పిల్లవాణ్ణి భర్త భుజం మీద నుంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతను కాసేపు ఖాళీ భుజం తడుముకుంటూ కూర్చున్నాడు.

"ఆ నేర్పుడు వచ్చిననాడు ఫోన్ చెయ్యుండ్రి మేడం" అన్నాడు. "ఆ దినమే పరీక్ష చేపిస్తం."

అందులో వెటకారం లేదు. జేబులోంచి ఫోన్ తీసి నా నంబరు అడిగి రాసుకున్నాడు.